నీ పేరు గూడ చెప్పిన

ఆగస్టు 31

ఫ్లెక్సీ కట్టారు. మా గల్లీ మొదట్లో, కరెంటు స్తంభానికీ వేపచెట్టుకూ మధ్య. "మన పెద్దలు – మన వేర్లు. పెత్రమాస సందర్భంగా వార్డు ప్రజలందరూ ఒక్కచోట పెద్దలకు బియ్యం ఇచ్చే మహోత్సవం. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ సంబురాలు. మీ బూర్గుపల్లి హరీశ్." నా కొడుకే. రక్తం నాది, ఇంటిపేరు మాత్రం వాళ్ళమ్మది. మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డుకు కౌన్సిలర్ కావాలని వాడి ఆశ. ఆ ముక్క ఫ్లెక్సీ మీద రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు. చేతులు జోడించి నవ్విన నవ్వులోనే ఉంది.

పైన అంతెత్తున మా మామ రాజమల్లయ్య, తలకు పెద్ద రుమాలుతో. ఆయన బతికుండగా రుమాలు చుట్టడం నేనెప్పుడూ చూడలేదు. నడి ఎండాకాలంలో కూడా బట్టతలతోనే దుకాణంలో కూర్చునేవాడు. రుమాలు చుట్టింది ఫ్లెక్సీ దుకాణం వాడు.

నేను కూడా ఉన్నాను. అడుగున, శుభాకాంక్షలు చెప్పే వాళ్ళ వరుసలో, టెంటు హౌస్ యజమానికీ చికెన్ సెంటర్ యజమానికీ నడుమ. బూర్గుపల్లి మల్లేశం.

పుట్టినప్పుడు పిట్ల మల్లేశాన్ని. ఇల్లరికం వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. మామకు కొడుకులు లేరు. నలుగురు పెద్దమనుషుల ముందు నా చెయ్యి పట్టుకుని "నాకు నువ్వే కొడుకువు, నా ఎనుక నీళ్ళు నువ్వే ఇడువాలె" అన్నాడు. సరే అన్నాను. అప్పటి నుండి పెత్రమాస, అంటే పితృ అమావాస్య, వచ్చిందంటే చాలు, పీట మీద కూర్చుని ఆయన పేరూ, ఆయన తండ్రి పేరూ, తాత పేరూ చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తున్నాను. ఒక్క ఏడాది తప్పలేదు. జ్వరంతో వణుకుతూ కూడా ఇచ్చాను.

మన వేర్లట. ఎవరివిరా మన వేర్లు?

సెప్టెంబర్ 2

ఫోన్‌లో అన్న నంబరు ఇంకా తీసెయ్యలేదు. "ఐలన్న" అని ఉంది.

ఏటా పెత్రమాస నాడు, పగటి అన్నం వేళకు, ఆ నంబరు నుండి ఫోన్ వచ్చేది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఇచ్చిన తమ్మీ. అయిపోయింది. నీ పేరు గూడ చెప్పిన." అంతే, పెట్టేసేవాడు. మా నాయినకూ తాతకూ బియ్యం ఇస్తూ, కొడుకులు ఐలయ్య, మల్లేశం అని ఇద్దరి పేర్లూ అయ్యగారికి చెప్పేవాడన్న మాట. ఆ ఒక్క మాట వింటే నాకు ఆ పూట అన్నం సయించేది. ఇక్కడ పరాయి పెద్దలకు చేస్తున్నా, అక్కడ నా వాళ్ళు ఆకలితో లేరు కదా అని ధైర్యం.

అన్న ఉగాదికి ముందు పోయాడు. పిల్లల్లేరు. వదిన అంతకు ముందే పోయింది. ఇక ఈసారి ఫోన్ చేసేదెవరు? ఇచ్చేదెవరు?

నేనే.

సెప్టెంబర్ 5

ఈ ఉదయం స్వరాజ్యాన్ని అడిగాను. పాలు పొంగేదాకా ఆగి, గ్యాసు కట్టేసినాక అడిగాను. అడగడానికి కూడా సమయం చూసుకునే మొగుడిని నేను.

"ఈసారి మీ వాళ్ళకు ఇచ్చినంక, మా నాయినోళ్ళకు గూడ ఓ తట్టల ఇంత బియ్యం, కూరగాయలు పెట్టి ఇస్త."

"ఏడ?"

"ఏడేంది? ఈడనే, ఇంట్లనే."

ఆమె నా ముఖంలోకి చూడలేదు. "రెండిండ్ల పెద్దలు ఒక్క గడప ఎక్కరు. ఎక్కితే లొల్లి అయితది. మా అవ్వ చెప్పింది."

"మీ అవ్వ ఎప్పుడు చెప్పింది?"

"ఎప్పుడో చెప్పింది. ముప్పై ఏండ్ల నుంచి లేనిది ఇయ్యాల నీకేం యాదికొచ్చింది? మీ అన్నకు కొరివి పెడ్తనంటే వద్దన్ననా? పోయి పెట్టొచ్చినవ్ గద?"

వద్దనలేదు, నిజమే. అది గడపకు అవతల జరిగింది కాబట్టి వద్దనలేదు. ఇల్లు ఆమె తండ్రిది. ఎరువుల దుకాణం ఆమె తండ్రిది. గడప కూడా ఆమె తండ్రిదే, ఎవరు ఎక్కాలో ఆమె చెబుతుంది. ముప్పై ఏళ్ళు ఆ దుకాణంలో యూరియా బస్తాలు మోసింది ఎవరి వీపో మరి.

చాయ్ తాగకుండానే దుకాణానికి పోయాను. ఆమె పిలవలేదు.

సెప్టెంబర్ 6

గణేశ్ నిమజ్జనం. ఊరంతా డీజేలు. మా ఇంట్లో మాత్రం ఎవరూ నోరు విప్పడం లేదు.

సెప్టెంబర్ 9

అంజవ్వ దగ్గరికి పోయాను. మా నాయిన చెల్లెలు. మా వైపు మిగిలిన ఒకే ఒక్క పెద్దమనిషి. మా ఊరు మల్లన్నసాగర్ నీళ్ళ కిందికి పోయినాక ఆమే అన్నా కలిసి గజ్వేల్ దగ్గరి కాలనీలో ఉండేవారు. ఇప్పుడు ఆమె ఒక్కతే. బస్సు దిగి పోతుంటే అన్ని ఇళ్ళూ ఒకేలాగున్నాయి. తలుపు ముందు పాత ఊరి నుండి తెచ్చుకున్న రోలు ఉంటే గుర్తుపట్టాను.

నేను పోయింది పేర్ల కోసం. అయ్యగారు మూడు తరాల పేర్లు అడుగుతాడు. నాయిన పోశయ్య. తాత ఎల్లయ్య. ఆపైన? రాత్రంతా గుర్తు చేసుకుంటే ఒక్క పేరూ తగల్లేదు. బూర్గుపల్లి వాళ్ళవి అడగండి, నిద్రలో లేపినా చెబుతాను. రాజమల్లయ్య, చంద్రయ్య, వీరమల్లయ్య.

"సాయన్న," అంది అంజవ్వ. "మా తాత. సాయన్న అని మనమంటం గని, దొర గడీల అందరు సాయిగా, సాయిగా అనేటోల్లట."

"ఏం జేసేటోడు?"

"ఏం జేస్తడు, వెట్టి! దొర బండి కట్టి ఏ ఊరికన్న పొద్దుమీకినంక పోతే, ముంగట దివిటీ పట్టుకొని ఉరుకాలె. ఎడ్లు ఎంత జోరుగ ఉరికితే ఈయన గూడ గంత ఉరుకాలె. ఆగుడు లేదు, కూసునుడు లేదు. ఒకనాడేమైందో ఏమో, నడిమి బాటల దివిటీ భూమిల గుచ్చిండు. గుచ్చి, ఎనుకకు తిరిగి, చక్కగ ఇంటికొచ్చి పండుకున్నడు!"

అంజవ్వ పకపకా నవ్వింది. ఉన్న నాలుగు పళ్ళూ కనిపించాయి.

"మరి దొర?"

"దొర గాడనే. చీకట్ల, బండి మీద. ఎడ్లు ఒక్క అడుగు కదుల్తెనా? తెల్లారేదాక గాడనే కూసున్నడట."

"ఊకున్నడా మరి?"

"ఊకుంటడా బిడ్డా? గడీ ముంగట ఎండల వంగవెట్టి వీపు మీద రాయి పెట్టిన్రు. తప్పైంది దొరా అను, దించుతం అన్నరట. అనలే. సొమ్మసిల్లి పడ్డడు గని అనలే."

ఇంత మనిషి మా ఇంట్లో పుట్టాడా? ఈ వయసు దాకా ఆయన పేరు కూడా నాకు తెలియదా? సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

ఆయన భార్య పేరు అడిగాను. అంజవ్వకు తెలియదు. "గామె పేరు వెట్టి ఎవరు పిలిచిన్రు బిడ్డా? కోడలా అన్నరు, ముసలైనంక అవ్వా అన్నరు."

లేచి వస్తుంటే అనకుండా ఉండలేకపోయాను. "పోయినేటి దాక అన్న ఇచ్చిండు. ఇగ నుంచి నేనిస్త అత్తా, నువ్వు ఫికర్ చెయ్యకు."

అంజవ్వ నా ముఖం చూసింది. "ఐలయ్య ఏడ ఇచ్చిండు? ఊరు మునిగినప్పటి సంది ఇయ్యలే."

"ఇచ్చిన అని నాకు ఫోన్ జేసి చెప్పేటోడు గద!"

"చెప్పేటోడు. నా ముంగటనే చెప్పేటోడు. పెద్దలు గాడ ఊర్లె, నీళ్ళల్ల ఉన్నరు, గీ సిమెంటు ఇంటికి తొవ్వ ఎట్ల దొరుకుతది అని ఏడ్సేటోడు. ఆ పూట తాగి పండుకునేటోడు. తమ్మునికి చెప్పకు అన్నడు. చెప్పలే. ఇప్పుడు చెప్తున్న."

సెప్టెంబర్ 10

అబద్ధాలకోరు. సొంత అన్న.

అన్నేళ్ళు, ప్రతి పెత్రమాసకూ, గొంతు వణక్కుండా. నీ పేరు గూడ చెప్పిన, నీ పేరు గూడ చెప్పిన. నేను ఇక్కడ కడుపు నిండా గారెలు తిని పడుకున్నాను. వాళ్ళు అక్కడ ఎండిపోయారు. చెప్పి ఉంటే నేనే వచ్చి ఇచ్చేవాణ్ణి కదా? వచ్చేవాణ్ణే. తప్పకుండా వచ్చేవాణ్ణి.

ఫోన్‌లో ఆ నంబరు తీసేశాను.

సెప్టెంబర్ 13

ఈరోజు మనసు బాగుంది. రాసి పెట్టుకోవాలి.

దుకాణం కట్టేసే వేళకు హరీశ్ వచ్చాడు. వాడు దుకాణానికి రావడమే పండుగ. "ఏంది బాపూ, అమ్మతోటి మాట్లాడుతలేవంట?" అన్నాడు. అంతా చెప్పాను. అన్న సంగతి చెప్పాను. సాయన్న సంగతి చెప్పాను. దివిటీ దగ్గరికి వచ్చేసరికి వాడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఆగు ఆగు బాపూ. నడిమి బాటల గుచ్చిండా?"

"గుచ్చి, వచ్చి పండుకున్నడు."

"అబ్బ! మళ్ళొక్కసారి చెప్పు." ఫోన్ తీసి రికార్డు పెట్టాడు. మొదటి నుండి మళ్ళీ చెప్పాను. ముప్పై ఏళ్ళకు దగ్గరపడ్డ కొడుకు, మా వైపు మనుషుల గురించి నన్ను అడగడం ఇదే మొదటిసారి. నేను కూడా ఆగకుండా చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తర్వాత వాడే దారి చూపించాడు. "అమ్మకు గడప గదా లొల్లి? మనం ఇచ్చేది గ్రౌండ్ల. గ్రౌండ్ల గడప ఏడిది? ముందుగాల తాతోళ్ళవి చెప్పు, ఎనుక మీ వాళ్ళవి చెప్పు. మైకుల చెప్పు బాపూ, వార్డంత వినాలె."

స్వరాజ్యం కూడా అడ్డు చెప్పలేదు. "వాడంటే సరే తియ్" అంది. కొడుకు మాటంటే అట్లా ఉంటుంది మరి.

పిట్ల పోశయ్య. పిట్ల ఎల్లయ్య. పిట్ల సాయన్న. స్నానం చేస్తూ కూడా అనుకున్నాను.

సెప్టెంబర్ 17

పొద్దున జెండాలు. మా చౌరస్తాలో మూడు పార్టీల వాళ్ళు మూడు గద్దెలు కట్టుకుని, ఒకరి మైకు ఒకరికి వినపడకుండా పెట్టుకుని, నిజాం రాజ్యం పోయిన రోజును పండుగ చేసుకున్నారు. ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరికి ఇంకో పేరు. ఒక్క రోజుకు ఇన్ని పేర్లు దొరుకుతాయి. మా సాయన్న భార్యకు ఒక్క పేరు దొరకదు.

హరీశ్‌కు ఐదు నిమిషాలు మైకిచ్చారు. నేను ముందు వరుస కుర్చీలో ఉన్నాను. తెల్ల చొక్కా వేసుకుని పోయాను.

"మా రక్తంల పోరాటం ఉన్నది" అని మొదలుపెట్టాడు. "మా తాతకు తాత, బూర్గుపల్లి వీరమల్లయ్య, దొర బండి ముంగట దివిటీ పట్టుకొని ఉరికిండు. ఒకనాడు ఆ దివిటీని నడిమి బాటల గుచ్చి, నేను ఉరుకను దొరా అని ఎదురుతిరిగిండు!"

చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. నా పక్కన కూర్చున్న చికెన్ సెంటర్ ఆయన నా భుజం తట్టి "మీ మామోళ్ళ ఖాందాన్ అంటే ఖాందానే" అన్నాడు.

బూర్గుపల్లి వాళ్ళు వెట్టి చేసిన వాళ్ళు కాదు. నాగళ్ళు, పాలేర్లు ఉన్న ఇల్లు అది. దొర వస్తే ఆయన పక్కన చాప మీద కూర్చున్న వాళ్ళు. మా మామ నోటితోనే విన్నాను ఆ సంగతి, గొప్పగా చెప్పుకునేవాడు.

ఇంటికొచ్చాక అడిగాను. "వీరమల్లయ్య అన్నవేందిరా?"

"మైకు ముంగట నోరు తిరుగలే బాపూ. పిట్ల అంటే వార్డుల ఎవలికి ఎర్క? బూర్గుపల్లి అంటే నలుగురికి తెలుస్తది. అయినా నువ్వు పెత్రమాస నాడు మీ వాళ్ళ పేర్లు చెప్పుకుంటున్నవ్ గద?"

నోరు తిరగలేదేమో. నిజంగానే తిరగలేదేమో. అంతమంది ముందు ఎవరికైనా తడబడుతుంది. ముఖం మీద లైట్లు, ఎదురుగా కెమెరాలు. పిల్లవాడు, కొత్త.

సెప్టెంబర్ 19

నా తట్టకు కావలసినవన్నీ నేనే తెచ్చాను. కిలో సన్నబియ్యం, కందిపప్పు, చింతపండు, ఉప్పు, చిక్కుడుకాయ, ఒక చిన్న గుమ్మడికాయ. మా నాయినకు గుమ్మడికాయ పులుసంటే ప్రాణం. బేరం చేయలేదు.

కోడలు ఉష వాటిని వేరే సంచిలో సర్ది పెట్టింది. మంచి పిల్ల. వేములవాడ దగ్గరి పిల్ల. సర్దుతూ సర్దుతూ, "మామయ్యా, మా అమ్మ పేరు మీద నేను ఎన్నడు ఇయ్యలే. ఇయ్యాలని అడగొచ్చని గూడ నాకు తెల్వదు" అంది.

"మీ తమ్ముడు ఇస్తడు గద బిడ్డా."

"ఇస్తడు. నా పేరు చెప్తడో లేదో మరి." నవ్వి లోపలికి పోయింది.

అది వేరు. ఆడపిల్లల సంగతి వేరు. వాళ్ళు ఇంటిపేరు మారుతుందని పుట్టినప్పటి నుండే తెలిసి పెరుగుతారు. మగవాడి సంగతి అట్లా కాదు. ఇది వేరు.

సెప్టెంబర్ 20

పిట్ల పోశయ్య. పిట్ల ఎల్లయ్య. పిట్ల సాయన్న.

అమ్మ రాజవ్వ. నాయినమ్మ లచ్చవ్వ. సాయన్న భార్య – పేరు తెలియదు, అయినా చెబుతాను, సాయన్న భార్య అని చెబుతాను. అన్న పోయి ఏడాది తిరగలేదు, కాబట్టి అన్న పేరు వచ్చే ఏడు. చివర్న, కొడుకు పిట్ల మల్లేశం.

ముప్పై ఏళ్ళ తర్వాత.

సెప్టెంబర్ 21

అయిపోయింది.

సెప్టెంబర్ 22

నిన్న ఒక్క మాట కంటే ఎక్కువ రాయలేకపోయాను. ఇల్లు నిండా జనం. పొద్దున బియ్యం ఇచ్చుడు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం బతుకమ్మ. హరీశ్ నన్ను తన పక్క నుండి కదలనివ్వలేదు. ఎక్కడికి పోతే అక్కడికి "మా బాపు, మా బాపు" అని చూపించుకుంటూ తిప్పాడు.

ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

గ్రౌండు నిండా వరుసలుగా పీటలు, మోదుగాకు విస్తర్లు. వేదిక మీద మొదటి పీట నాది. ఎదురుగా అయ్యగారు. ఆయనే మా ఇంటికి ఏటా వచ్చే అయ్యగారు. ఆయన చేతిలో మైకు. ముందు వరుసలో స్వరాజ్యం పట్టుచీరలో. పక్కన ఉష. నా సంచి నా మోకాలి పక్కనే ఉంది, గుమ్మడికాయ తొడిమె బయటికి కనిపిస్తూ.

అయ్యగారు "ఇంటిపేరు చెప్పుండ్రి" అని మైకు నా నోటి దగ్గర పెట్టాడు.

"బూర్గుపల్లి."

"తండ్రి?"

"రాజమల్లయ్య."

"తాత?"

"చంద్రయ్య."

"ముత్తాత?"

"వీరమల్లయ్య."

వీరమల్లయ్య అనగానే చప్పట్లు. మొన్న పదిహేడున దివిటీ కథ విన్నవాళ్ళు కాబోలు. ఎవరో "వీరమల్లయ్య అమర్ రహే" అని అరిచారు. అంతటితో అయిపోయింది. అయ్యగారు రెండో పీట దగ్గరికి పోయాడు, నేను లేచాను.

అలవాటు. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ అయ్యగారి ముందు ఆ పీట మీద కూర్చుంటే నోరు దానంతట అదే పోతుంది. తర్వాత నా వాళ్ళవి చెప్పే లోపల మైకు పోయింది. అంతే. ఇందులో ఎవరి తప్పూ లేదు.

సంచి తిరిగి ఇంటికొచ్చింది.

సెప్టెంబర్ 23

మధ్యాహ్నం ఇంట్లో గుమ్మడికాయ పులుసు. సంచిలో ఊరికే పడి ఉందని స్వరాజ్యమే కోసి వండింది. "ఎక్కడిది?" అని ఆమె అడగలేదు, "అది నాది" అని నేను అనలేదు. ఉష వడ్డిస్తూ ఒక్కసారి నా ముఖం చూసి గరిటె ఆపింది. "వెయ్యి బిడ్డా" అన్నాను.

రెండుసార్లు వేయించుకున్నాను. పులుసు బాగుంది. సిగ్గులేని నాలుక.

అమావాస్య దాటింది. ఇక వచ్చే ఏడే. వచ్చే ఏడు ఎవరినీ అడగను, నేనొక్కణ్ణే పొద్దున్నే లేచి ఏదైనా గుడికి పోయి ఇస్తాను. తప్పకుండా.

సెప్టెంబర్ 24

అలవాటు కాదు.

మొన్న రాసిన దాంట్లో ఒక ముక్క వదిలేశాను. ఈ డైరీ చదివేది నేనొక్కణ్ణే, నా దగ్గర నేనే దాచుకోవడం ఏమిటి? రాసేస్తాను.

అయ్యగారు వెంటనే లేచి పోలేదు. చప్పట్లు ఆగేదాకా ఆగాడు. ఆగి, ఏటా అడిగినట్టే, మైకులోనే అడిగాడు. "ఇంకెవరన్న ఉన్నరా? పేర్లు ఉంటే చెప్పుండ్రి."

పేర్లు ఉన్నాయి. నోట్లోనే ఉన్నాయి, నాలుక మీద. పిట్ల పోశయ్య. పిట్ల ఎల్లయ్య. పిట్ల సాయన్న. ఒక్కటీ మరచిపోలేదు.

హరీశ్ వైపు చూశాను. వాడు కెమెరా వైపు నవ్వుతున్నాడు. నవ్వు అట్లాగే ఉంచి, నాకు మాత్రమే కనపడేట్టు తల అడ్డంగా ఆడించాడు. ఇంతే, ఒక్కసారి. వార్డంతా వీరమల్లయ్యకు చప్పట్లు కొట్టిన వేడి చల్లారలేదు. ఇప్పుడు పిట్ల సాయన్న ఎవరని ఎవరైనా అడిగితే? ఈ ముసలాయన పెద్దలు వేరేనా, మరి పోరడు ఎవరి మనుమడు అని అడిగితే? స్వరాజ్యం వైపు చూశాను. ఆమె కొంగు సర్దుకుంటోంది. గ్రౌండులో గడప లేదన్నారు. ఉంది. నేను ఎక్కడికి పోతే అక్కడికి వస్తుంది అది.

"లేరు" అన్నాను.

మైకులో అన్నాను. వార్డంతా విన్నది. నాకు తండ్రి లేడు, తాత లేడు, ముత్తాత లేడు. వీపు మీద రాయి పెట్టినా తప్పైందనని మనిషి మునిమనుమణ్ణి. నా వీపు మీద ఎవరూ రాయి పెట్టలేదు. కొడుకు తల ఆడించాడు, అంతే.

సెప్టెంబర్ 25

అంజవ్వ ఫోన్ చేసింది. ఎవరి ఫోనో అడిగి తీసుకున్నదట. దుకాణంలో గిరాకీ ఉంది, ఒకాయన రెండు బస్తాల యూరియా కోసం నిలబడి ఉన్నాడు.

"మల్లేశా, ఇచ్చినవా బిడ్డా? మీ నాయినకు, మా నాయినకు, మా తాతకు. ఇచ్చినవా? నాలుగు రోజుల సంది నీ ఫోన్ కోసమే చూస్తున్న."

"ఇచ్చిన అత్తా."

"మా తాత పేరు చెప్పినవా? సాయన్న అని చెప్పినవా, మరిచిపోలే గద?"

"చెప్పిన. మైకుల చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిన్రు."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "చప్పట్లు కొట్టిన్రా! నా తండ్రే! ఇగ నేను పోయినా ఫికర్ లేదు బిడ్డా. ఐలయ్య చెయ్యని పని నువ్వు చేసినవ్."

"నీ పేరు గూడ చెప్పిన అత్తా," అన్నాను.

గొంతు వణకలేదు. ఫోన్ పెట్టేసి గిరాకీ వాడికి బస్తాలు ఎత్తించాను, చిల్లర ఇచ్చాను. అన్న గొంతు కూడా వణికేది కాదు. అచ్చం ఇంత మామూలుగానే ఉండేది.

తీసేసిన నంబరు మళ్ళీ ఎక్కించాను. చూడకుండానే వచ్చింది. ఐలన్న.